గదిలో పెరిగిన మిరప నారుని మిద్దె మీదికి ఎట్ల తేవాల?

అన్నా అని పిలిచి అడిగావు కాబట్టి నేనూ తమ్ముడూ అనే అంటా, ఏమనుకోవద్దు. నువ్వు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. తిరుపతిలో అద్దె ఇల్లు, పై పోర్షన్, బెడ్రూములో ఎల్‌ఈడీ ట్యూబులు కట్టి వాటి కింద మిరప, క్యాప్సికమ్, రెండు ఘోస్ట్ మిరప కలిపి 24 మొక్కలు 40 రోజులు పెంచావు, ఆకులు నిగనిగలాడుతుంటే మురిసిపోయి ఆదివారం పొద్దున 10 గంటలకి సగం తీసుకుపోయి మిద్దె మీద పెట్టి నీళ్ళు పోసి వచ్చావు, సాయంత్రం పోయి చూస్తే ఆకులు తెల్లగా కాగితం మాదిరి అయిపోయినాయి. ఇది ఏ తెగులు, ఏ మందు కొట్టాల, లోపల మిగిలిన 12 మొక్కల్ని ఎట్ల బయటికి తేవాల అని అడిగావు.

ముందు ఆ మందు ఆలోచన పక్కన పెట్టు. అది తెగులూ కాదు పురుగూ కాదు, అచ్చంగా ఎండదెబ్బ. నమ్మకం లేకుంటే తెల్లబడిన మొక్కని ఒకదాన్ని చేతిలోకి తీసుకుని పైనుంచి చూడు. ఆకాశానికి ఎదురుగా పరుచుకున్న ఆకులే తెల్లబడి ఉంటాయి, కింద దాక్కున్న ఆకులు బాగుంటాయి. ఇంకా దగ్గరికి పెట్టుకుని చూస్తే, ఒక ఆకు నీడ ఇంకో ఆకు మీద పడిన చోట ఆ నీడ ఆకారం అచ్చు గుద్దినట్టు పచ్చగా మిగిలిపోయి ఉంటుంది, చుట్టూ మాత్రం పాలిపోయిన తెలుపు. ఏ తెగులూ అట్ల నీడ చూసుకుని గీత గీసినట్టు రాదు, పైగా ఒక్క పూటలో అసలు రాదు. తామర పురుగైతే ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవ మాదిరి అవుతాయి, నల్లి అయితే కిందికి ముడుచుకుంటాయి. నీది ముడత కాదు, ఎండి గలగలమంటా ఉండాది, అంతే తేడా.

ఇప్పుడు ఆ 12 మొక్కలు బతుకుతాయా లేదా అంటే, ఆకుల్ని చూసి చెప్పలేం, చిగురుని చూడాల. కొమ్మ చివర, రెండు చిన్న ఆకులు చేతులు జోడించినట్టు ఉంటాయే, ఆ మధ్యలో ఆవగింజంత పచ్చ బుడిపె. అది పచ్చగా ఉంటే మొక్క లేస్తుంది, అనుమానం పెట్టుకోవద్దు. అది నల్లబడిపోయి ఉంటే కాండం మీద గోటితో రవ్వంత గీకి చూడు, లోపల పచ్చగా తడిగా ఉంటే కింది కణుపుల నుంచి పక్క చిగుళ్ళు వస్తాయి, ఓ 15 రోజులు ఆగాల. కాండం మట్టిని తాకే చోట సన్నగా నొక్కేసినట్టు గోధుమ రంగులోకి పోయి ఉంటే మాత్రం అది అయిపోయినట్టే, కాలిన మట్టి ఆడ కాండాన్ని ఉడకబెట్టేసింది అనుకో. దాన్ని తీసి పారెయ్.

తెల్లబడిన ఆకులు మళ్ళీ పచ్చగా కావు. అట్లని ఇప్పుడే కత్తెర తీసుకుని అన్నీ కత్తిరించెయ్యొద్దు, సగం తెల్లగా సగం పచ్చగా ఉన్న ఆకు ఆ మిగిలిన సగంతోనే మొక్కకి తిండి పెడతా ఉంటుంది, పైగా కింది ఆకులకి నీడ. కొత్త ఆకులు రెండు జతలు వచ్చినాక అవే రాలిపోతాయి. ఈ వారం రోజులూ నీడలో పెట్టి, మట్టి పైన అర అంగుళం ఆరితేనే నీళ్ళు పోసి, గమ్మున వదిలెయ్. శానామంది ఈడ చేసే తప్పు ఏంటంటే మొక్క నీరసంగా ఉంది బలం చాల్లేదని యూరియానో 19-19-19 అనే ఎరువునో వేసేస్తారు, లేదంటే ఏదో ఒకటి చెయ్యాల కదా అని వేపనూనె కొడతారు. జ్వరమొచ్చిన మనిషికి బిర్యానీ పెట్టినట్టు ఉంటుంది అది. వేపనూనె అయితే మరీ, కాలిన ఆకు మీద నూనె పొర వేసి మళ్ళీ ఎండలో పెడితే మిగిలిన పచ్చ కూడా పోతుంది.

నాకెట్ల తెలుసు అంటావేమో, నేనూ ఇట్లనే చేశాను కాబట్టి. మాది పాకాల పక్క పల్లె, మా నాయన మిరప వేసేవాడు, నేను చిన్నప్పటి నుంచి నారుమడి తొక్కి పెరిగినోడినే, అయినా తిరుపతికి వచ్చి కాపురం పెట్టినాక మొదటి ఏడు ట్రేలో 60 మొక్కలు వంటింటి కిటికీ పక్కన పెంచి, ఏప్రిల్లో ఒకరోజు పొద్దున మిద్దె మీద పెట్టి పెళ్ళికి పోయొచ్చాను. సాయంత్రానికి 60 కి 60 తెల్ల జెండాలు. మా నాయనకి ఫోన్ చేసి చెప్తే ఆయన నవ్వి, ఉయ్యాల్లో పిల్లోడిని తీసి ఎద్దుల బండి తోలమంటే తోల్తాడా అన్నాడు. అప్పుడు తిక్క రేగింది కానీ తర్వాత ఆలోచిస్తే తెలిసొచ్చింది, ఆయనకి ఈ సమస్య ఎప్పుడూ రాలేదు ఎందుకంటే ఆయన నారు పుట్టిందే ఆరుబయట. విత్తనం చల్లి, పైన వరిగడ్డి కప్పి, మొలక రాగానే గడ్డి తీసేస్తే మొదటి ఆకు నుంచి ఎండా గాలీ తగుల్తానే ఉంటాయి. నాటే ముందు వారం నీళ్ళు తగ్గించి నారుని రొంత గట్టిపరిచేవాళ్ళు, అంతే. గదిలో లైట్ల కింద పెంచడం అనేది మనం కొత్తగా తెచ్చుకున్న ముచ్చట, దాంతోపాటే ఈ ఎండదెబ్బనీ తెచ్చుకున్నాం.

అసలు లోపల ఏం జరుగుతుందో ఒకసారి పట్టుకుంటే మిగతాదంతా నీకే తోస్తుంది. ట్యూబులైటు కింద నీ మొక్కకి 5 వేల నుంచి 10 వేల లక్స్ వెలుతురు అందితే గొప్ప. మన మార్చి మధ్యాహ్నం ఎండ లక్ష దాకా పోతుంది. ఫోన్లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని ఆడా ఈడా పెట్టి చూడు, కచ్చితంగా చూపించదు గానీ తేడా ఎంతుందో కళ్ళకి కనపడుతుంది. వెలుతురు తక్కువున్న చోట పుట్టిన ఆకు దొరికినకాడికి పట్టుకోవాలని వెడల్పుగా, పల్చగా పెరుగుతుంది, పైన మైనపు పొర సరిగ్గా కట్టుకోదు, అవసరం లేదు కదా. మామూలు తెల్ల ఎల్‌ఈడీలో అల్ట్రావయొలెట్ ఉండదు, కిటికీ అద్దం కూడా దాన్లో ఎక్కువ కాల్చే భాగాన్ని ఆపేస్తుంది, కాబట్టి దానికి కావలసిన రక్షణ కూడా ఆకు తయారుచేసుకోలేదు. గాలి లేదు కాబట్టి కాండం గట్టిపడలేదు, ఆకు రంధ్రాలు బిగించుకోవడం అలవాటు కాలేదు. ఇట్లాంటి ఆకుని ఒక్కసారిగా పది రెట్ల వెలుతురులో పెడితే అది వాడుకోగలిగిన దానికన్నా ఎక్కువ వచ్చి పడి లోపలున్న పచ్చదనాన్నే కాల్చేస్తుంది.

ఇంక నేను ఇన్నేళ్ళలో పట్టుకున్న అసలు విషయం ఒక్కటే చెప్తా. వీడియోల్లో వాళ్ళు 7 రోజులు, 10 రోజులు అని లెక్క చెప్తారు, ఈ రోజు గంట, రేపు రెండు గంటలు అని. తప్పని అనను, కానీ నేను రోజులు లెక్కపెట్టడం మానేసి ఆకులు లెక్కపెడతా. గదిలో పూర్తిగా విచ్చుకున్న ఆకు ఎంత అలవాటు చేసినా కొంతవరకే తట్టుకుంటుంది, అది పల్చగా పుట్టింది, పల్చగానే ఉంటుంది. బయటికి వచ్చినాక చిగురులో నుంచి పుట్టిన ఆకే బయటి ఆకు. అది చిన్నగా, మందంగా, పట్టుకుంటే తోలు మాదిరి ఉంటుంది. అట్లాంటి కొత్త ఆకులు రెండు మూడు విచ్చుకునే దాకా మొక్క పూర్తి ఎండకి సిద్ధం కాలేదు, క్యాలెండర్ ఏమన్నా చెప్పనీ. మధ్యలో నాలుగు రోజులు మబ్బు పట్టిందనుకో, ఆ నాలుగు రోజులు లెక్కలోకి రావు, ఎందుకంటే మొక్కకి ఎండ అలవాటు కాలేదు.

ఇప్పుడు నీ లోపలున్న 12 సంగతి. వాటిని రేపే బయటికి తేవొద్దు, ఇంకో నాలుగైదు రోజులు గదిలోనే ఉంచి పని మొదలుపెట్టు. టేబుల్ ఫ్యాన్ తక్కువ స్పీడులో పెట్టి రోజుకి రెండు మూడు గంటలు ఆకులు వణికేటట్టు గాలి తగలనీ. కరెంటు పోతే చేత్తో పైనుంచి నిమురు, పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు, పిల్లోడి తల నిమిరినట్టు. ఇది చాదస్తం అనుకోవద్దు, ఊగిన కాండం నిజంగానే పొట్టిగా లావుగా తయారవుతుంది. నీళ్ళు రోజూ పొయ్యడం మానేసి మట్టి పైపొర ఆరినాక పొయ్యి, కానీ ఆకులు వాడిపోయేదాకా ఎండగట్టొద్దు, ఆ రెంటికీ మధ్యలో ఉండాల. ఎరువు ఈ వారం బందు, ముఖ్యంగా నత్రజని, అది వేస్తే మెత్త మెత్తగా పెరిగి ఎండకి ఇంకా బిన్నా కాలుతుంది.

ఆ తర్వాత మూడు రోజులు బయట నీడలో. నీడ అంటే గది నీడ కాదు, ఆకాశం కనపడే నీడ, వరండా చివర, సన్‌షేడ్ కింద, అట్లాంటిది. నేరుగా ఎండ పడకూడదు కానీ గాలి తగలాల. మన ఊర్లో ఇప్పుడు రాత్రిళ్ళు కూడా బయటే వదిలెయ్యొచ్చు. చలి దేశాల వీడియోల్లో రాత్రి లోపలికి తెచ్చుకోమని, మంచు పడుతుందని, 12 డిగ్రీల కన్నా తగ్గితే మొక్క గిడసబారిపోతుందని చెప్తారు, అది వాళ్ళకి సరే. మనకి శివరాత్రికి చలి శివ శివా అంటా పోయింది కదా. మనకి శత్రువు చలి కాదు, పైన ఎండా కింద కాలే గచ్చూ. హార్స్‌లీ హిల్స్ మీదో, పలమనేరు కుప్పం పక్కో ఉన్నోళ్ళు డిసెంబర్ జనవరిలో అయితే రాత్రి కొంచెం చూసుకోవాల గానీ తిరుపతిలో ఆ బాధ లేదు.

నాలుగో రోజు నుంచి పొద్దుటి ఎండ. ఏడు నుంచి ఎనిమిది దాకా ఒక గంట, తర్వాత రోజుకి అరగంట పెంచుకుంటా పో, తొమ్మిదిన్నర దాటనీయొద్దు. రోజూ మోసుకుని పైకీ కిందికీ తిరగడం ఆఫీసుకి పోయేవాళ్ళతో కాదు, మర్చిపోతారు, ఒక్కరోజు మర్చిపోతే వారం కష్టం పోతుంది. అందుకే చోటు చూసుకో. మీ మిద్దె మీద మెట్ల గది ఉంటుంది కదా, దాని తూర్పు గోడ పక్కన పెట్టు. పొద్దున ఎండ పడుతుంది, పన్నెండు దాటినాక గోడ నీడ వచ్చేస్తుంది. మధ్యలో తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా ఉన్న ఎండకి పైన ఒక పాత తెల్ల పంచెనో, ఎండని 50 శాతం ఆపే పచ్చ షేడ్‌నెట్టో కట్టేస్తే మనిషి లేకున్నా పని జరిగిపోతుంది. పంచె అయితే ఒకే మడత వెయ్, రెండు మడతలు వేస్తే లోపలున్నట్టే అవుతుంది. కట్టేటప్పుడు మొక్కల మీద ఆనించొద్దు, కనీసం రెండు అడుగుల ఎత్తున కట్టి పక్కలు వదిలెయ్యాల, లేకుంటే లోపల ఆవిరి పట్టి ఉడుకుతుంది.

ఈడ దిక్కుల సంగతి ఒకటి చెప్పాల, ఎవరూ చెప్పరు ఇది. పిట్టగోడకి ఉత్తరం పక్క నీడ ఉంటుందిలే అని ఇప్పుడు పెడతావు, ఇప్పుడు మధ్యాహ్నం మూడడుగుల గోడకి జానెడు నీడ పడుతుంది, నిజమే. కానీ తిరుపతి సుమారు 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ ఆఖరుకి సూర్యుడు నడినెత్తికి వచ్చేస్తాడు, అప్పుడు ఆ గోడకి నీడే ఉండదు, ఆ తర్వాత ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం పక్కనే ఉంటాడు. అంటే మార్చిలో నీడ ఉన్న చోటు మే నెలలో పెనం. దక్షిణం కిటికీలో పెట్టు, దక్షిణం గోడకి ఎండ ఎక్కువ అని వేరే దేశాల వాళ్ళు చెప్పేది పట్టుకుంటే మన ఊర్లో ఎండాకాలం తారుమారు అయిపోతుంది. తూర్పు పడమర మాత్రం ఎప్పుడూ మారవు కాబట్టి తూర్పు గోడే నమ్ముకో.

ఇంక గచ్చు. నీ మొక్కలకి పైనుంచి ఎంత దెబ్బ తగిలిందో కిందనుంచి కూడా అంతే తగిలి ఉంటుంది. మధ్యాహ్నం మిద్దె మీద చెప్పులు లేకుండా నిలబడి చూడు, పది సెకన్లు నిలబడలేవు. ఆ గచ్చు మీద నల్ల ప్లాస్టిక్ నర్సరీ కవరో, పల్చటి ట్రేనో పెడితే లోపల పిడికెడు మట్టి, ఆ పిడికెడూ అరగంటలో వేడెక్కి వేర్లు నీళ్ళు లాగడం మానేస్తాయి. చిన్న కవర్లో ఉన్న మొక్క పెద్ద తొట్టిలో ఉన్న మొక్క కన్నా ముందు పోయేది ఇందుకే. రెండు ఇటుకలు పెట్టి పైన చెక్క వేసి దాని మీద పెట్టు, కింద గాలి ఆడాల. చిన్న కవర్లని ఒక పాత బకెట్లోనో థర్మాకోల్ డబ్బాలోనో గుంపుగా పెట్టి సందుల్లో తడి కొబ్బరిపీచు కుక్కు, లేదంటే చుట్టూ తడిపిన గోనెపట్ట చుట్టు. మేమైతే చేపల మార్కెట్ నుంచి పాత థర్మాకోల్ పెట్టెలు తెచ్చి మూడుసార్లు కడిగి వాడతాం, మా ఇంట్లో ఆమె ఇప్పటికీ ఆ వాసన అంటా తిడతానే ఉంటది కానీ వాటంత చల్లగా ఏవీ ఉండవు.

నీళ్ళ దగ్గర రెండు మాటలు. మధ్యాహ్నం ఆకుల మీద నీటి చుక్క పడితే భూతద్దం మాదిరి కాలుస్తుందని అంటారు, మిరప ఆకు నున్నగా ఉంటుంది, దాని మీద చుక్క వల్ల కాలదు, ఆ భయం అక్కర్లేదు. భయపడాల్సింది పైపులో నీళ్ళకి. మిద్దె మీద ట్యాంకులో, ఎండలో పడున్న పైపులో నీళ్ళు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంతగా కాగి ఉంటాయి, వాడిపోయిందే పాపం అని ఆ నీళ్ళే పోస్తే మొక్క ఉడికిపోతుంది. పొద్దున ఆరున్నరకి పొయ్యి, అవసరమైతే సాయంత్రం ఆరు తర్వాత, ఆ రెండు పూటలే. బోరు నీళ్ళు అయితే తొట్టి అంచుల్లో తెల్లగా ఉప్పు కడుతుంది, పదిహేను రోజులకొకసారి కింద రంధ్రం నుంచి బాగా కారేటట్టు ఎక్కువ నీళ్ళు పోసి కడిగెయ్యాల.

మధ్యాహ్నం ఆకులు వేలాడతాయి, అది చూసి గుండె ఆగిపోతుంది మొదట్లో. వేలు పెట్టి చూడు. మట్టి తడిగా ఉండి ఆకులు వేలాడితే అది దాహం కాదు, ఆకు నుంచి పోయే నీళ్ళంత వేగంగా వేరు తేలేకపోతా ఉంది, నీళ్ళు పోస్తే వేరు కుళ్ళుద్ది. నీడలోకి జరుపు, అంతే. సాయంత్రం అయిదారుకి మళ్ళీ నిలబడితే ఏమీ పర్లేదు, రేపు అరగంట తగ్గించు. పొద్దున లేచి చూసినా వేలాడతానే ఉంటే అప్పుడు కంగారు పడాల, వేరు దగ్గర ఏదో జరిగింది.

వారం పది రోజులకి కాండం మీద, ముఖ్యంగా కణుపుల దగ్గర ఊదా రంగు చారలు కనపడతాయి. ఫోటో తీసి ఇదేం రోగం అని అడిగేవాళ్ళు నెలకి ఇద్దరన్నా ఉంటారు. రోగం కాదు, బయటి వెలుతురుకి మొక్క వేసుకునే రంగు అది, నాకైతే అది కనపడితే సంతోషం. దాంతోపాటు పైన కొత్త ఆకులు మందంగా, కొంచెం ముడతలు తేలినట్టు గట్టిగా వస్తా ఉంటే పంచె తియ్యడం మొదలుపెట్టొచ్చు, ముందు పదిన్నర దాకా, తర్వాత పదకొండు దాకా. గది ఆకులు అప్పటికి కొన్ని పసుపుపడి రాలతాయి, రాలనీ.

పెద్ద తొట్టిలోకి మార్చడం ఇది అయినాకే. ఎండ అలవాటు చెయ్యడం, వేరు కదిలించడం రెండూ ఒకే రోజు చేస్తే రెండు దెబ్బలు ఒకేసారి. కొత్త ఆకులు వచ్చినాక ఒక సాయంత్రం, పొద్దు వాలినాక, 12 అంగుళాల తొట్టిలోకి మార్చు. తోటమట్టి, కొబ్బరిపొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి, ఇంతకన్నా వంటకం అక్కర్లేదు. టమాటా మాదిరి కాండమంతా లోతుగా పాతిపెట్టొద్దు, మిరప కాండం నుంచి అంత తేలిగ్గా వేర్లు రావు, గదిలో సాగిపోయి ఉంటే బీజదళాల దాకా, అంటే మొలకకి మొట్టమొదట వచ్చిన రెండు ఆకుల దాకా పాతు, చాలు. మార్చినాక మూడు రోజులు మళ్ళీ నీడ. మా ఊర్లో కయ్యలో నాటినప్పుడు మొక్కకి పడమర పక్కన ఒక ఆకులున్న వేపరెమ్మ గుచ్చేవాళ్ళు, మధ్యాహ్నం ఎండ మొక్క మీద పడకుండా, రెమ్మ ఎండి ఆకు రాలేసరికి మొక్క వేరు పట్టుకునేది. నేను తొట్లలో ఇప్పటికీ అదే చేస్తా, నెట్ కన్నా చౌక, తియ్యడం మర్చిపోయే బాధ కూడా లేదు. పూత వచ్చి ఉంటే గిల్లెయ్, మనసు ఒప్పదు గానీ జానెడు మొక్కకి కాయలెందుకు.

కొన్న నారు సంగతి కూడా ఈడనే చెప్తా, ఎందుకంటే ఆ పోయిన మొక్కల బదులు నర్సరీలో కొందామని నువ్వు పోతావు. ఒకసారి నేను మన పక్కదే ఒక నర్సరీలో ట్రే నారు 50 మొక్కలు తెచ్చా, పచ్చగా, ఒకే ఎత్తు, ముద్దొచ్చేటట్టు ఉంది, నర్సరీ నారు కదా గట్టిదే అని నేరుగా ఎండలో నాటా, మూడో రోజుకి 30 పోయినాయి. వాళ్ళు నెట్ కింద నుంచి అప్పుడే తీసి అమ్మేసినారు, నేను అడగలేదు. ఇప్పుడు ఏ నర్సరీకి పోయినా మొదట అడిగేది రేటు కాదు, నెట్ బయట ఎన్ని రోజులైంది అని. ఆకు వేళ్ళ మధ్య పెట్టి మడిస్తే రవ్వంత బిరుసుగా ఉండాల, తడి గుడ్డ మాదిరి మడత పడితే దాన్ని కూడా గది మొక్క లెక్కలోనే వేసుకుని పైన చెప్పిందంతా చెయ్యాల.

పురుగుల గురించి పొడిగించను. గదిలో నీ మొక్కలు తామర పురుగునీ తెల్లదోమనీ చూసి ఉండవు, బయటికి రాగానే వారంలో చూస్తాయి. మందారం తొట్టి పక్కన పెట్టొద్దు, అది పిండినల్లికి అత్తారిల్లు. పసుపు, నీలం జిగురు అట్టలు రెండు కట్టు, పొద్దున నీళ్ళు పోసేటప్పుడు ఆకు తిప్పి అడుగు చూడు, పూత మొదలైనాక పూలు తెల్ల కాగితం మీద తట్టి చూడు. 2021 లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు పక్క మిరప తోటల్ని ఏం చేసిందో చూశాం కదా, అది పువ్వుల్లోనే ఎక్కువ దాక్కుంటుంది. వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు నీళ్ళు, సాయంత్రం పూట మాత్రమే, అది కూడా మొక్క పూర్తిగా బయట కుదురుకున్నాకే. ఇవన్నీ చేసినా ఆపలేనివి కోతులు. కొండ పక్క వీధుల్లో ఉంటే నీకే తెలుసు, అవి కాయ కోసం రావు, ఊరికే పీకి చూసి పారేస్తాయి. మొదటి నెల పైన పక్కల మెష్ కట్టడం తప్ప నాకు ఇంకో దారి దొరకలేదు.

ఇప్పుడు కాలం. నువ్వు మొదలుపెట్టింది సరైన కాలం కాదు, కోప్పడొద్దు. మార్చి ఆఖరుకి ఎట్లనో అలవాటు చేసినా వెంటనే ఏప్రిల్, ఆ వెనకే కత్తిరి ఎండలు, రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. కాబట్టి ఈ మొక్కలకి నువ్వు చేసే అలవాటు పూర్తి ఎండకి కాదు, నెట్ కింద ఎండకే. ఏప్రిల్, మే రెండు నెలలూ 50 శాతం నెట్ తియ్యొద్దు. 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా వేడిగా ఉంటే మిరప పూత రాల్చేస్తుంది, నెట్ కింద కూడా రాలుస్తుంది, అప్పుడు ఏ టానిక్కూ కొనొద్దు, మొక్కని బతికించుకుంటే చాలు. మృగశిర దాటి జూన్ ఆఖరుకి మబ్బులు పట్టినాక తల కొంచెం కత్తిరిస్తే మళ్ళీ పక్క కొమ్మలేసి కాస్తుంది. మామూలు మిరప, జీ-4 రకం మాదిరివి అయితే ఈ దారిన నిలబడిపోతాయి. క్యాప్సికమ్ మీద మాత్రం ఈ ఎండాకాలం ఆశ పెట్టుకోవద్దు, దానికి రాత్రి చల్లగా ఉంటేనే కాయ నిలుస్తుంది, మన ఊర్లో అది చలికాలం పంట. ఘోస్ట్ మిరప రెండూ నెమ్మదిగా పెరిగే రకం, వాటికి ఎప్పటికీ మధ్యాహ్నం నీడ ఉన్న చోటే ఇవ్వు, పూర్తి ఎండకి తేవాలని పట్టుబట్టొద్దు.

వచ్చే ఏడు మళ్ళీ గదిలో పెంచాలనుకుంటే మే ఆఖర్లో గింజ వెయ్, జులై మబ్బుల్లో బయటికి తీసుకురా, సగం పని మబ్బులే చేస్తాయి. లేదంటే ఆగస్టు చివర వేసి అక్టోబర్ మొదట్లో బయటికి, కానీ అప్పుడు ఈశాన్య రుతుపవనాలు కాచుకుని ఉంటాయి. 2021 నవంబర్లో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు నా తొట్లు రెండు రోజులు నీళ్ళల్లో నిలబడి, ఎండని తట్టుకున్న మొక్కలన్నీ వేరు కుళ్ళి పోయినాయి. ముసురు పట్టినప్పుడు సన్‌షేడ్ కిందికి జరుపుకోవాల, తొట్టి కింద ప్లేటు తీసెయ్యాల. ముసురు వదిలి ఎండ ఒక్కసారిగా విరగకాస్తే ఆ మొదటి రోజు మళ్ళీ పంచె కట్టు, నాలుగైదు రోజుల మబ్బులో పుట్టిన చిగురు కూడా గది ఆకు మాదిరి మెత్తగానే ఉంటుంది.

ఇప్పటికి నువ్వు చెయ్యాల్సింది, కాలిన 12 మొక్కల్ని ఈ సాయంత్రమే కిందికి దించి వరండాలో పెట్టి, ఒక్కోదాని చిగురు పచ్చగా ఉందా నల్లగా ఉందా చూసి లెక్క రాయి. వచ్చే ఆదివారం అదే లెక్క మళ్ళీ తీసి, చిగురు దగ్గరగా కనపడేటట్టు రెండు మూడు ఫోటోలు పొద్దుటి వెలుతురులో తీసి పెట్టు, ఫ్లాష్ వెయ్యొద్దు, రంగు మారిపోతుంది. పక్క చిగుళ్ళు మొదలై ఉంటే తల యాడ కత్తిరించాలో చూసి చెప్తా.